అడుగని వడ్డన

భోజనమును గూర్చి మన తెలుగులో సామెతలు అనేకము ఉన్నను, వానిలో రెండు ఒకదానికొకటి ఎదురు నిలుచునట్లు తోచును. "అడుగనిదే అమ్మయైనా పెట్టదు" అనునది మొదటిది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే" అనునది రెండవది. మొదటిది నోరు తెరచి అడుగుమని చెప్పుచున్నది. రెండవది అడుగనక్కరలేదు, పెట్టు చేతిని నమ్ముమని చెప్పుచున్నది. ఈ రెండింటిలో ఏది నిజమో ఆలోచింపవలసిన సందర్భము నాకు డెబ్బదియైదవ యేట, దక్షిణ ముంబయిలో సముద్రమునకు చేరువగా ఉన్న ఒక జపాను భోజనశాలలో తటస్థించినది. ఆ భోజనశాల పేరు ఇచ్చట అప్రస్తుతము. నేను విమర్శింపబూనినది ఒక వడ్డన పద్ధతిని మాత్రమే.

ఆ పద్ధతికి జపాను భాషలో "ఒమకసే" అని పేరు. అప్పగించుట అను అర్థముగల క్రియ నుండి పుట్టిన మాట అది. "తమ ఇష్టము, తమకే విడిచిపెట్టినాను" అని దాని తాత్పర్యము. అచ్చట పదార్థముల పట్టిక చేతికి ఇయ్యరు. పొడవైన చెక్కబల్లకు ఒక ప్రక్క వంటవాడు, మరొక ప్రక్క ఎనిమిది మంది అతిథులు. ఆనాడు ఏ చేప బాగున్నదో, దేని తరువాత ఏది రుచించునో వంటవాడే నిర్ణయించి, ఒక్కొక్క ముద్దగా ముందుంచును. తినువాడు అడుగడు, పెట్టువాడు అడిగించుకొనడు. మా మనుమడు తన కొత్త ఉద్యోగములో తొలి బోనసు అందుకొని, "తాతా, ఒక్కసారి నాతో రావలె" అని పట్టుబట్టి తీసికొనిపోయినాడు. వెల ఎంతయో నాకు చెప్పలేదు. బల్లపై చోటు నిలుపుకొనుటకు పది దినములు ముందుగానే డబ్బు చెల్లింపవలసి వచ్చినదని మాత్రము మాటవరుసకు అన్నాడు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొన కోరెదను. మరల దీనికే వచ్చెదను.

ముందుగా గుణములను చెప్పుట విమర్శకుని ధర్మము. ఆ వంటవాడు జపాను దేశస్థుడు కాడు. మన ఈశాన్య పర్వత ప్రాంతముల యువకుడు. చేతులలో తొందర లేదు, ఆలస్యమును లేదు. తడిచేతితో అన్నము తీసి, రెండు మూడు ఒత్తులలో ముద్ద చేసి, పైన చేపముక్క నిలిపి, సోయా రసము కుంచెతో పూసి ముందుంచెడివాడు. ఆ అన్నము చల్లనిది కాదు. చేతి వెచ్చదనముతో సమానముగా ఉండెడిది. పొట్టిగింజ బియ్యము వండి, వెనిగారు, ఉప్పు, కొంచెము చక్కెర కలిపిన అన్నమది. పట్టుకొన్నప్పుడు విడిపోదు, నోటిలో వేసికొన్నంతనే గింజ గింజగా విడిపోవును. చేప పేరే అందరును చెప్పుకొందురు గాని, ఆ వంట యందు సగము ప్రజ్ఞ అన్నముననే ఉన్నదని నాకు బోధపడినది. అన్నము తిని పెరిగిన జాతివారమగు మనకు ఇది వింతగా తోచరాదు.

తెల్లచేపతో మొదలై, ఉప్పులోను వెనిగారులోను ఊరవేసిన కొహద అను చిన్న వెండి చేప, సోయాలో నానబెట్టిన ట్యూనా చేప ఎఱ్ఱని భాగము, అటుపిమ్మట దాని కొవ్వు భాగము, ఉడికించిన సముద్రపు పాముచేప, తుదకు తీపి గుడ్డట్టు, ఇట్లు క్రమముగా వచ్చినవి. తేలిక రుచి నుండి బరువు రుచికి నడచిన ఆ వరుస మెచ్చదగినది. మధ్య మధ్య నోరు శుభ్రపడుటకు అల్లపు రేకులు. మరియొక విశేషము: ఈ ముద్దను చేతితో తినుట జపానులో తప్పు కాదు, అదియే పూర్వాచారము. ప్రక్కనున్న అతిథులు పుల్లలతో తంటాలు పడుచుండగా, నేను అయిదు వ్రేళ్లతో తీసికొని తినుట చూచి ఆ యువకుడు చిరునవ్వు నవ్వినాడు. ఖరీదైన భోజనశాలలో నా చేయి నాకు సిగ్గు కలిగింపకుండుట జీవితములో అదియే ప్రథమము.

ఈ వంటకపు చరిత్ర తెలిసినచో మన కామాఠిపుర వాసులకు మరింత ఆశ్చర్యము కలుగక మానదు. నేడు ధనికుల వినోదమైన ఈ సుషీ, పుట్టుకచే కూలివాని ఆహారము. దాని పూర్వరూపము చేపను ఉప్పుతోను అన్నముతోను కలిపి నెలల తరబడి పులియవేసి నిలువచేయు పద్ధతి. బీవా సరస్సు ప్రాంతమున ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది. మన చద్దన్నమునకు, తరవాణికి పులుపునిచ్చు సూక్ష్మజీవుల వంటివే దానికిని పులుపునిచ్చును. కాలక్రమమున నెలలపాటు ఆగుటకు ఓపిక లేని పట్టణవాసులు అన్నములో వెనిగారు కలిపి ఆ పులుపును వెంటనే తెప్పించుకొనిరి. 1820ల ప్రాంతమున ఎడో నగరములో, అనగా నేటి టోక్యోలో, హనయా యోహేయి అను నతడు ఈ చేతిముద్ద సుషీని ప్రచారములోనికి తెచ్చెనని ప్రతీతి. నాటి ముద్ద నేటి ముద్దకంటె రెండు మూడింతలు పెద్దది. వీధి బండ్లకడ నిలుచుండి, రెండు ముద్దలు తిని, పనికి పోయెడివారు.

ఆ ఎడో నగరమును తలచుకొనుడు. తరచుగా అగ్నిప్రమాదములు, వాని వెనుక ఎడతెగని కట్టుబడి పనులు, ఊళ్లనుండి వచ్చిన వడ్రంగులు, కూలీలు, స్త్రీలకంటె పురుషులు హెచ్చు, ఇంట వండిపెట్టువారు లేనివారు అనేకులు. ఇది మన కథ కాదా? పదునెనిమిదవ శతాబ్ది చివర నిజాము రాజ్యము నుండి ఈ ద్వీపమునకు వచ్చి, రాళ్లు మోసి, మేడలు కట్టిన మన కామాఠీల పేరుననే కామాఠిపురము వెలసినది. 1854లో తాడ్‌దేవులో తొలి నూలు మిల్లు స్థాపితమైన తరువాత, మగ్గము విడిచిన మన పద్మశాలీలు మిల్లుల సాంచాలకడకు చేరిరి. ఊరిలో భార్యాబిడ్డలను విడిచి వచ్చిన ఆ మగవారికి అన్నము పెట్టినవి ఖానావళులు. ఎడోలో బండి ఏదియో బొంబాయిలో ఖానావళి అదియే. ఒకటి నేడు ప్రపంచమంతట గౌరవము పొందుచున్నది. రెండవదానిని నడపినవారి పేర్లు కూడ మనము వ్రాసి ఉంచలేదు.

ఇచ్చట నా మాట నేను చెప్పవలసియున్నది. కామాఠిపుర గల్లీలలో ఒకదానియందలి చాలులో, రెండవ అంతస్తు గదిలో, మా అమ్మ పాతిక సంవత్సరములకు పైగా ఖానావళి నడిపినది. గది ఒక్కటే. మిల్లు పాళీలను బట్టి మూడు బంతులు. ఉదయపు పాళీ వారికి తెల్లవారుజామున జొన్నరొట్టె, పచ్చిపులుసు. రాత్రి పాళీ వారికి అన్నము, చింతచిగురుతో ఎండురొయ్యలు. కోలీ స్త్రీ తెచ్చిన బొంబిలు చేప చౌకగా దొరికిన నాడు పులుసు. ఎవ్వరును ఇది కావలెనని అడిగెడివారు కారు. ఏది పెట్టిన అది తినెడివారు. జపాను మాటలో చెప్పవలెనన్న అది ఒమకసేయే. కాని ఒక్క భేదము ఉండెడిది. ఆమె విస్తరి ప్రక్కన నిలుచుండి, "ఇంకింత ఏసుకో తమ్మీ, డ్యూటీల ఆకలైతది" అనెడిది. ఆ తమ్ముడు చేయి అడ్డముపెట్టి "సాలక్కా" అన్న తరువాతనే గరిటె మరలెడిది.

ఆనాటి జపాను విందులో నాకు లోటుగా తోచినది సరిగా ఇదియే. కొహద ముద్ద నాకు మిక్కిలి నచ్చినది. ఆ పులుపులో మా ఇంటి పులుసు జ్ఞాపకము వచ్చినది. మరియొకటి పెట్టుమని హిందీలో అడిగినాను. ఆ యువకుడు మర్యాదగా నవ్వి, వరుస పూర్తియైన పిదప కావలసినచో పెట్టెదననియు, దానికి వెల వేరుగా ఉండుననియు చెప్పినాడు. అతనిపై నాకు ఫిర్యాదు లేదు. అది అచ్చటి నియమము. పదునైదు పర్యాయముల వడ్డనను ఒక కచేరి వలె కూర్చినవాడు మధ్యలో పాడినదే పాడుమన్న ఎట్లు పాడును? ఐనను, మారు అడుగుట, వద్దని చేయి అడ్డము పెట్టుట, ఈ రెండును లేని వడ్డనను మన సంప్రదాయము పరిపూర్ణ వడ్డనగా అంగీకరింపదు. వంటవాని ప్రజ్ఞ నా నాలుకను ఎరిగినది గాని నా ఆకలిని ఎరుగలేదు. ఎరుగవలసిన పని దానికి లేదు; ఆ బల్లకడకు ఆకలితో వచ్చువారు ఎవరు?

రెండవ లోటు చేపను గూర్చినది. ఈ శైలికి "ఎడోమయే" అని పేరు. "ఎడో ముంగిట" అని అర్థము. అనగా ఆ నగరము ఎదుటి అఖాతములో పట్టిన చేపలతో చేసినది అని. మాకు ఆనాడు పెట్టిన చేపలు చాలవరకు టోక్యోలోని తొయోసు విపణి నుండి విమానముపై వచ్చినవని గర్వముగా చెప్పినారు. ససూన్ డాకు అచ్చటికి కూతవేటు దూరము. ముంబయి ముంగిట పట్టిన చందువ, వంజరము ఆ బల్లపైకి రాలేదు. పచ్చిగా తినుటకు మన వెచ్చని సముద్రపు చేపలన్నియు పనికిరావనుట నిజమే. పచ్చి చేపలోని క్రిములను చంపుటకు దానిని సున్నకు 20 డిగ్రీల దిగువన ఏడు దినములు గడ్డకట్టించి ఉంచవలెనని వైద్యులు చెప్పుదురు. బొంబిలు నీటిచేప, దానిని పచ్చిగా ఎవ్వరును తినలేరు. కాని ఎడో వంటవారు తమ అఖాతపు చేపలను ఉప్పు, వెనిగారు, సోయా, నిప్పు, ఇన్నింటితో సంస్కరించియే వాడిరి. మంచుపెట్టె లేని కాలమున పుట్టిన విద్య అది. ఆ విద్య నేర్చినవాడు మన చేపను సంస్కరింపలేడా? పేరును దిగుమతి చేసికొని ఆ పేరులోని నీతిని వదలివేయుట అనుకరణమే యగును.

ఇక మూడవ విషయము, నా దృష్టిలో ముఖ్యమైనది. టోక్యోలోని గింజా వీధిలో సుకియాబాషి జిరో అను పదిమంది పట్టు చిన్న దుకాణము కలదు. దాని యజమాని జిరో ఓనో 1925లో జన్మించినవాడు. 2007లో ఆ దుకాణమునకు మిషెలిన్ వారి మూడు నక్షత్రముల గౌరవము దక్కినది. 2011లో ఆయనపై వచ్చిన చలనచిత్రములో ఒక శిష్యుడు గుడ్డట్టు వేయుటను 200 పర్యాయములకు పైగా అభ్యసించిన తరువాతగాని గురువు మెప్పు పొందలేదని చెప్పును. ఒక జాతి తన కూలివాని తిండిని విద్యగా ఎంచినది. దానిని పెట్టువానిని గురువుగా ఎంచినది. మనమేమి చేసితిమి? క్రీడాభిరామము ఓరుగల్లులో ఒక్క రూకకు కమ్మని భోజనము పెట్టిన పూటకూటింటిని, దాని యజమాని పేరుతో సహా మెచ్చి వర్ణించినది. కన్యాశుల్కము నాటికి ఆ పాత్ర పేరు లేని పూటకూళ్లమ్మ యై, నవ్వులకు లక్ష్యమైనది. గురజాడ వారి హాస్యము గిరీశముపైననే గాని ఆమెపై కాదని నేను ఎరుగుదును. ఐనను, కూడు అమ్ముకొను స్త్రీ అనగనే మన సంఘము పెదవి విరిచినదనుటకు ఆ నాటకము సాక్ష్యము. డబ్బు తీసికొనక వేలమందికి పెట్టిన డొక్కా సీతమ్మ గారిని దేవతగా కొలిచితిమి. డబ్బు తీసికొని పెట్టిన ఆమెను పేరులేనిదానిగా విడిచితిమి.

నేనును ఆ నేరము చేసినవాడనే. దాదరు కళాశాలలో చదువుకొను దినములలో, "మీ ఇంట ఏమి చేయుదురు?" అని అడిగిన సహాధ్యాయులతో మిల్లులో పనియని చెప్పితిని గాని, మా అమ్మ ఖానావళి నడుపుననియు, ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టుచున్నాననియు చెప్పలేదు. కామాఠిపురము అని చిరునామా చెప్పుటకే వెనుకాడెడి వయస్సు అది. మన తాతల చెమట పేరున ఏర్పడిన పేటపేరు, మనము చేయని వృత్తికి గుర్తుగా లోకము నోట నానుచుండగా, దానికి తోడు కూడు అమ్ముకొను ఇల్లు అనిపించుకొనుటకు నాకు ధైర్యము చాలలేదు. ఒకనాడు ఒక స్నేహితుడు చెప్పకుండ ఇంటికి వచ్చినాడు. మా అమ్మ అతనికి బంతిలో విస్తరి వేసినది. అతడు తృప్తిగా తిని, చేయి కడుగుకొని, "మీ బంధువులు చాలమంది ఉన్నారే" అన్నాడు. నేను ఔనన్నాను. ఆమె విన్నది, ఏమియు అనలేదు.

ఖానావళిని నేను కేవలము పొగడను. మా అమ్మ బంతిలోను అందరికి చోటు ఉండెడిది కాదు. మన ఊరివారు, మన కులమువారు, వారి వెనుక తెలిసినవారు. కొందరికి నీళ్లగ్లాసు వేరుగా ఉండెడిది. 1873లో మహాత్మ ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు జాయా కరాడి లింగు, వెంకు బాళాజీ కాళేవారు వంటి బొంబాయి తెలుగువారు అండగా నిలిచిరి. అట్టి పేటలోనే ఆ వేరు గ్లాసు నా చిన్నతనము వరకు నిలిచియున్నది. నేటి ఒమకసే బల్లకు డబ్బు కావలి కాయుచున్నది. నాటి మన బంతికి కులము కావలి కాసినది. "వడ్డించేవాడు మనవాడైతే" అను సామెతలో "మనవాడు" కానివాని గతి ఏమో ఆ సామెత చెప్పదు.

ఐనను ఒక్క విషయమున మా అమ్మ వడ్డనకే పెద్దపీట వేయుదును. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానిరి. నెలలు గడచినవి, జీతములు లేవు. ఖానావళికి డబ్బు ఇచ్చువారు లేరు. కొందరు ఊళ్లకు మరలిరి. మిగిలినవారికి మా అమ్మ అంబలియో, గటకయో, ఏదియో ఒకటి పెట్టుచునే వచ్చినది. బీడీలు చుట్టి తెచ్చిన డబ్బు, చేతి కడియము పోగా వచ్చిన డబ్బు అందులో పోసినది. లెక్క వ్రాసిన నోటుబుక్కు ఒకటి ఉండెడిది. ఆమెకు అక్షరములు రావు, నేను వ్రాసితిని. సమ్మె ఫలింపలేదు, చాలమంది మరల పనిలోనికి చేరలేదు. "బాకీలు అడుగుదమా?" అని నేను అన్నప్పుడు, "ఉన్నప్పుడు వాళ్లే ఇస్తరు తియ్" అన్నది. కొందరు ఇచ్చిరి. పెక్కుమంది ఇయ్యలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వచ్చెదను. ఒమకసే అనగా నమ్మి అప్పగించుట. ఆ భోజనశాలలో తినువాడు వంటవానిని నమ్మి నోరు అప్పగించుచున్నాడు. కాని పెట్టువాడు తినువానిని నమ్ముట లేదు. పది దినములు ముందుగానే డబ్బు పుచ్చుకొనుచున్నాడు. రానివాని చోటు, ఖరీదైన చేప వ్యర్థమగునను భయము అతనికి ఉన్నది, అది న్యాయమే. నమ్మకము అచ్చట ఒకవైపునకే ప్రవహించుచున్నది. ఖానావళిలో మిల్లు కార్మికుడు ఏమి తినవలెనో అన్నపూర్ణకు విడిచినాడు. ఎప్పుడు ఇయ్యవలెనో ఆమె అతనికి విడిచినది. రెండు వైపుల నుండి నడచిన ఒమకసే అది. యుద్ధానంతరము అన్నమునకు కరవు వచ్చిన 1947లో జపానులోను సుషీ దుకాణములు, గిరాకీ తెచ్చిన ఒక గ్లాసెడు బియ్యమునకు పది ముద్దలు చేసి ఇచ్చెడి పద్ధతి సాగినది. అనగా ఆ విద్యకును ఇట్టి దినములు గడచినవి. కష్టకాలములో తనను పోషించిన సంబంధమును ఐశ్వర్యకాలములో అది మరచినదని నా అభియోగము.

అభియోగమునకు తీర్పు ఏమనగా: రుచి విషయమున ఆ విందు ఉత్తమము. క్రమ విషయమున ఉత్తమము. వడ్డన విషయమున మధ్యమము. పేరుకు తగిన నమ్మకము విషయమున అసంపూర్ణము. ఇక మనపై నేను ఇయ్యవలసిన తీర్పు దీనికంటె కఠినమైనది. ముంబయి మిల్లు పేటల ఖానావళి స్త్రీలను 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణ మహిళా మండలముగా కూర్చి, బ్యాంకు అప్పులు ఇప్పించి, నిలబెట్టినారు. ఆ చరిత్ర మరాఠీలో ఉన్నది. మన తెలుగు ఖానావళుల చరిత్ర ఏ భాషలోను లేదు. కామాఠిపుర పునర్నిర్మాణమునకు ఇటీవలి సంవత్సరములలో ప్రభుత్వము మ్హాడా ద్వారా ప్రణాళికలు నడపుచున్నది. చాలులు కూలి మేడలు లేచినప్పుడు, ఏ గదిలో ఎవరు ఎందరికి అన్నము పెట్టినదో చెప్పు గోడలు కూడ ఉండవు.

కావున మన సంఘములకు, ఈ సంచిక చదువు కుటుంబములకు నా మనవి ఒక్కటే. మీ ఇంట ఖానావళి నడిపిన అమ్మ, అమ్మమ్మ, మేనత్త ఎవరైన ఉన్నచో, ఆమె పేరు, గల్లీ సంఖ్య, పెట్టిన పదార్థములు, తిన్నవారి ఊళ్లు వ్రాసి సంఘమునకు పంపుడు. రానున్న సంచికలో ఆ జాబితా అచ్చగుగాక. నేను మొదటి పేరుగా మా అమ్మ పేరును వేరొక కాగితముపై వ్రాసి కార్యదర్శి గారికి ఇచ్చియున్నాను.

విందు ముగిసి మెట్లు దిగుచుండగా మా మనుమడు, "ఎట్లున్నది తాతా?" అని అడిగినాడు. బాగున్నదని చెప్పి, ఇంటికి వచ్చిన తరువాత ఆ పాత నోటుబుక్కు తీసి అతని చేతిలో పెట్టితిని. అతనికి తెలుగు చదువుట కష్టము. నేను ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క పేరే చదివి వినిపించితిని. పదునొకండు పుటలు చదువుటకు రాత్రి రెండు గంటలైనది.